ముద్దాయి తరఫున రచయిత వకాల్తా వేయకూడదు

డార్క్ ఫాంటసీ, అంటే మంచికన్న చెడు పాలు ఎక్కువుండే మాయాలోకం కథలు, రాసే కుర్రకారు చదవమని ఇచ్చే డ్రాఫ్టుల్లో ఒక పేరా తప్పనిసరిగా ఉంటుంది. కథానాయకుడు నమ్మినవాణ్ణి వెన్నుపోటు పొడుస్తాడు, లేదంటే ఊరికి నిప్పు పెడతాడు. వెంటనే రచయిత గొంతు సవరించుకుని "నిజానికి అతను పుట్టుకతో క్రూరుడు కాదు, చిన్నతనంలో..." అని అందుకుంటాడు. నేను ఆ పేరాకి అడ్డగీత కొట్టేస్తాను. ఆ గీత ఎందుకు కొడతానో, అక్కడ దాని బదులు ఏం రాయొచ్చో చెబుతాను.

నేను రచయితను కాను. కాకినాడలో ప్లీడరు గుమాస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. క్రిమినల్ కేసుల కట్టలు మొయ్యడం, వాయిదాలు రాసుకోవడం, కోర్టు హాల్లో వెనకబల్ల మీద కూర్చుని బోనులో ఉన్నవాళ్ళ మొహాలు చూడ్డం, ఇదీ నా చదువు. ఈ రకం నవలలు మా అబ్బాయి ఉద్యోగానికి పోతూ అటక మీద పడేసిన పెట్టెలోంచి నాకు అంటుకున్నాయి. ఇప్పుడు మా మేనకోడలు ఫోన్‌లో అలాంటి సీరియలే రాస్తోంది, నేను దిద్దుతున్నాను. అందులో నాయకుడు సోమయ్య. "మా సోమయ్య అంత చెడ్డోడేం కాదు మావయ్యా" అంటుంది. "ఆ మాట నువ్వనకమ్మా, చదివేవాళ్ళ చేత అనిపించు" అంటాను.

రచయిత ముద్దాయిని వెనకేసుకొచ్చాడంటే పాఠకుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయిపోతాడు. చేసింది చేసినట్టు చెప్పి రచయిత ఊరుకుంటే, పాఠకుడే లేచి "అలా కాదండీ, అతని సంగతి కూడా చూడాలి" అంటూ వాదన మొదలుపెడతాడు. తాను వాదించిన మనిషి మీద ఎవరికైనా మమకారం పుట్టుకొస్తుంది. ఫీజు సరిగ్గా ఇవ్వని క్లయింటుని సైతం నాలుగు వాయిదాలు పోయాక "మావాడు" అనే ప్లీడర్లని నేను చూశాను. చెడ్డ పాత్రని పాఠకులు ప్రేమించడం వెనక ఉన్న కిటుకులో సగం ఇదే. మిగతా సగం, పాఠకుడికి ఆ వాదనకి కావలసిన సరుకు అందించడం.

ముసలి తల్లి, చిన్న పిల్లలు

సెషన్స్ కోర్టులో నేరం రుజువయ్యాక శిక్ష ఎంతన్నది తేల్చే ముందు, చెప్పుకునేది ఏమన్నా ఉందా అని జడ్జిగారు ముద్దాయిని అడుగుతారు. అక్కడ దాదాపు అందరూ ఒకటే చెబుతారు. ఇంట్లో ముసలి తల్లి ఉందండీ, చిన్నపిల్లలండీ, నేనొక్కణ్ణే సంపాదించేవాణ్ణండీ. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అందరూ చెప్పే నిజం విన్నాక ఏ ఒక్కడి మొహమూ గుర్తుండదు.

తగలబడిన ఊరు, కళ్ళముందే చచ్చిపోయిన తల్లిదండ్రులు, బానిసగా గడిచిన బాల్యం. డార్క్ ఫాంటసీలో ఇవే ముసలి తల్లీ చిన్నపిల్లలూ. గతం ఉండకూడదని నేననను. మొదటి అధ్యాయంలోనే దాన్ని క్షమాపణ పత్రంలా చేతికివ్వొద్దంటాను.

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఈ పని ఎలా చేశాడో చూడండి. 1996లో వచ్చిన 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొదట్లోనే జేమీ లానిస్టర్ ఏడేళ్ళ పిల్లవాణ్ణి కోట బురుజు కిటికీలోంచి తోసేస్తాడు. తోసినందుకు సంజాయిషీ లేదు. మొదటి రెండు భాగాల్లోనూ జేమీని మనం పక్కవాళ్ళ కళ్ళతోనే చూస్తాం. 2000లో వచ్చిన మూడో భాగం 'ఎ స్టార్మ్ ఆఫ్ సోర్డ్స్'లో మొట్టమొదటిసారి అతని బుర్రలోకి వెళ్తాం. అదే భాగంలో కత్తి పట్టే కుడిచెయ్యి తెగిపోతుంది. కాపాడతానని ప్రమాణం చేసిన రాజునే అతను ఎందుకు చంపాడో అప్పుడు బయటికొస్తుంది. అదీ కొలువులో కాదు, స్నానాల గదిలో, జ్వరం మీద, తనను అసహ్యించుకునే బ్రియెన్ అనే స్త్రీ ఎదుట. ఆ రాజు నగరం మొత్తాన్ని తగలబెట్టబోయాడు. జేమీ అప్పటిదాకా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, "రాజహంతకుడు" అన్న పేరు మోస్తూ తిరిగాడు.

ఇందులో నేర్చుకోవలసింది చోటు సంగతి. గతం ఆలస్యంగా రావాలి, బలవంతం మీద రావాలి, వినడానికి ఇష్టం లేని మనిషి ముందు రావాలి. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ నిజంతో పిల్లవాడి లెక్క చెల్లిపోదు. రాజు సంగతి వేరు, కిటికీ సంగతి వేరు. మార్టిన్ రెండిటినీ కలపలేదు. మన సీరియళ్ళు కలిపేస్తాయి, అక్కడే చెడుతుంది.

రెండు భాగాలు ఆగడం ఫోన్‌లో రాసేవాళ్ళకి కుదరదు. ఎనిమిదో తొమ్మిదో ఎపిసోడ్ దాకా గతం ఊసెత్తకుండా ఉంటే చాలు. మా మేనకోడలు మూడో ఎపిసోడ్‌కే చేతులెత్తేసింది, కామెంట్లలో తిట్లు పడలేక. తిట్లు పడుతున్నాయంటే కథ నడుస్తోందనే అర్థం.

పని వచ్చినవాడై ఉండాలి

ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు సహచరులతో కలిసి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగాన్ని 1966లో ప్రచురించాడు. క్విజ్‌లో పాల్గొన్న మనిషి మాటల టేపు విద్యార్థులకి వినిపించారు. ఒక టేపులో మనిషి మహా తెలివైనవాడు, నూటికి 92 ప్రశ్నలకి సరైన జవాబులిస్తాడు. ఇంకో టేపులో మనిషి అంతంతమాత్రం. ఒక్కొక్కరిదీ రెండు రకాలుగా వినిపించారు: మామూలుగా ఒకసారి, చివర్లో కొత్త సూటు మీద కాఫీ ఒలకబోసుకున్నట్టు ఒకసారి. తెలివైనవాడు కాఫీ ఒలకబోసుకుంటే విన్నవాళ్ళకి ఇంకా నచ్చాడు. అంతంతమాత్రం వాడు అదే పని చేస్తే ఉన్న ఇష్టం కూడా తగ్గింది.

మచ్చ ముద్దొచ్చేది పనితనం ఉన్నవాడి ఒంటి మీదేనన్నమాట. పనీ రాక, గుణమూ లేక, ఎప్పుడూ తాగి ఏడ్చే కథానాయకుడి మీద పాఠకుడికి జాలేస్తుంది. రెండో ఎపిసోడ్‌కి ఆ జాలి విసుగవుతుంది.

మా మేనకోడలి కథలో సోమయ్య ఒక కోటలో కరణం. ఆ కోట పొలాల్లో రాత్రిళ్ళు చచ్చినవాళ్ళు నాగలి పడతారు. కరణం చిట్టాలోంచి పేరు కొట్టేస్తేగానీ మట్టిలో పడుకోవడానికి వాళ్ళకి వీల్లేదు. పేరు కొట్టేయడానికి సోమయ్య లంచం పుచ్చుకుంటాడు. ఇవ్వలేనివాళ్ళ మొగుళ్ళూ కొడుకులూ దున్నుతూనే ఉంటారు. ఆమె మొదట ఇలా రాసింది:

"సోమయ్య చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆకలితో పెరిగాడు. అందుకే అతని గుండె రాయైపోయింది. కానీ ఆ రాయి లోపల ఎక్కడో తడి ఉండేది."

ఈ తడి ఉన్న రాళ్ళు మన సీరియళ్ళలో గుట్టలుగా ఉన్నాయి. నాలుగుసార్లు తిరగరాశాక ఇలా వచ్చింది:

"ఆమె వెండి కడియం తీసి బల్ల మీద పెట్టింది. సోమయ్య తూచాడు. 'చాలదు.' రెండోది తీసింది. 'ఇప్పుడు సరి. పేరు చెప్పు.' చెప్పింది. తండ్రి పేరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు. 'ఏ చేత్తో అన్నం తినేవాడు?' 'అదెందుకయ్యా?' 'ఈ పేరుతో పొలంలో ముగ్గురున్నారు. ఎడంచేత్తో మేడి పట్టేది ఒక్కడే. నేను వేరేవాణ్ణి కొట్టేస్తే, రేపు రాత్రి కూడా నీ మొగుడు దున్నుతూనే ఉంటాడు.'"

ఇక్కడ సోమయ్య మంచివాడని ఎవరూ అనలేదు. వాడు నిలువునా దోచుకుంటున్నాడు. కానీ రాత్రిళ్ళు పొలం గట్టున నిలబడి చచ్చినవాళ్ళని ఒక్కొక్కణ్ణే గుర్తుపట్టే మనిషని పాఠకుడికి తెలిసిపోయింది. వాదించడానికి తగినంత సరుకు దొరికింది. ఆ ఎపిసోడ్ కింద ఒకామె "లంచగొండే గానీ పని సక్రమంగా చేస్తాడు" అని రాసింది. మన ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ కామెంటు బరువు ఎంతో తెలుస్తుంది.

బాకీ రోజూ కట్టాలి

జో అబర్‌క్రాంబీ 2006లో రాసిన 'ది బ్లేడ్ ఇట్‌సెల్ఫ్'లో గ్లోక్టా అనే హింసాధికారి ఉన్నాడు. ఒకప్పుడు పేరుమోసిన కత్తి వీరుడు. శత్రువుల చెరలో రెండేళ్ళు చిత్రహింసలు పడి కుంటివాడై తిరిగొచ్చాడు. ఇప్పుడు తాను పడ్డదే ఇతరుల చేత అనుభవింపజేస్తున్నాడు. వేళ్ళు తెగ్గొడతాడు, దొంగ సాక్ష్యాలు రాయించుకుంటాడు. అయినా ఆ నవలలు చదివినవాళ్ళని ఎవరు గుర్తున్నారని అడగండి, ముందు గ్లోక్టా పేరే చెబుతారు.

చెరలో ఏం జరిగిందన్నది అక్కడక్కడా తెలుస్తుందంతే. మనల్ని పట్టేసేది మెట్లు. ఆ మనిషికి మెట్లెక్కడం నరకం. మెట్లు కనిపెట్టినవాడు దొరికితే వాణ్ణి హింసించాలని ఉందనుకుంటాడు. పళ్ళు పీకేశారు కాబట్టి నమిలి తినలేడు. పొద్దున్నే మంచం దిగడమే ఒక యుద్ధం. వీటి గురించి పైకి ఒక్కమాట మొరపెట్టుకోడు, లోపల మాత్రం తన మీద తనే జోకులేసుకుంటాడు. ఆ జోకులు వినేది మనమొక్కళ్ళమే. ఒకడి లోపలి నవ్వు రోజూ వింటూ ఉంటే వాడు పరాయివాడుగా మిగలడు.

అందుచేత మీ పాత్ర చెల్లించే మూల్యాన్ని పెద్ద విషాదంలా ఒక్క దృశ్యంలో కుమ్మరించకండి. భోజనం దగ్గర, నిద్ర దగ్గర, మెట్ల దగ్గర చిల్లరగా కట్టించండి. డార్క్ ఫాంటసీలో ఇంకో సదుపాయం ఉంది. మామూలు నవలలో మనసులో ఉండిపోయే అప్పుని ఇక్కడ వస్తువుగా చేసి చేతిలో పెట్టొచ్చు. మైకేల్ మూర్‌కాక్ 1961లో మొదలుపెట్టిన ఎల్రిక్ కథల్లో నాయకుడు ఒంట్లో సత్తువ లేని రాజు. అతని నల్లకత్తి చంపినవాళ్ళ ఆత్మలు తాగి ఆ బలం అతనికిస్తుంది. మొదటి కథలోనే ఆ కత్తి అతను ప్రేమించిన సిమోరిల్‌ని బలి తీసుకుంటుంది. దాన్ని సముద్రంలోకి విసిరేస్తాడు. మళ్ళీ దానికోసమే ఈదుకుంటూ పోతాడు. వ్యసనం మీద ఎన్ని పేరాలు రాసినా ఆ ఈత ముందు దిగదుడుపే.

సోమయ్యకి ఏం పెట్టాలని చాలా తర్జనభర్జన పడ్డాం. కొట్టేయని ప్రతి పేరుకీ వాడి గోరు ఒకటి నల్లబడాలంది మేనకోడలు. బాగానే ఉంది గానీ చూపులకే. నల్లగోరు వల్ల వాడికి రోజూ వచ్చే ఇబ్బందేమిటి? ఆలోచించగా, ఆ వేళ్ళతో ముట్టుకుంటే అన్నం చద్దివాసన కొడుతుందని పెట్టింది. ఇప్పుడు సోమయ్య అరిటాకు ముందు కూర్చున్నప్పుడల్లా ఏ వేళ్ళు మిగిలాయో చూసుకుంటాడు. ఈమధ్య రెండు వేళ్ళతో తింటున్నాడు.

దాటని గీత

ఎంత చెడ్డవాడికైనా తాను చెయ్యని పని ఒకటుండాలని అందరూ చెబుతారు. చెప్పాక అందరూ ఒకే గీత గీస్తారు: పిల్లల్ని ముట్టుకోడు, ఆడవాళ్ళ జోలికి పోడు, కుక్కకి అన్నం పెడతాడు. ఇది కూడా ముసలి తల్లి వాదనే. పాఠకుడికి ఇట్టే వాసన తగులుతుంది.

గీత ఆ మనిషి వృత్తిలోంచో గర్వంలోంచో పుట్టాలి. కాస్త వింతగా ఉన్నా ఫరవాలేదు. సోమయ్య లంచం తింటాడు, ఏడ్చేవాళ్ళని గుమ్మంలోంచి గెంటిస్తాడు. కానీ పేరు తప్పుగా రాయడు. తాటాకు మీద ఒక ఒత్తు పోయినా ఆకు చించేసి మళ్ళీ రాస్తాడు. ఇది నీతి కాదు, చేతి అలవాటు. అయితే అలవాటుకి కూడా ఎప్పుడో ఒకప్పుడు ధర పలుకుతుంది. అది పలికే రోజు కథలో రాకపోతే గీత గీసి ప్రయోజనం లేదు.

కర్ణుడంటే మనవాళ్ళకి అంత ప్రేమ ఎందుకో ఇక్కడే చూడొచ్చు. సభలో ద్రౌపదికి జరిగిన అవమానంలో అతని నోరు తక్కువేం కాదు. దుర్యోధనుణ్ణి సంతోషపెట్టడానికి పాండవుల్ని అనరాని మాటలన్నానని ఉద్యోగపర్వంలో కృష్ణుడి దగ్గర అతనే ఒప్పుకుని బాధపడతాడు. అదే చోట కృష్ణుడు జన్మరహస్యం చెప్పి, రాజ్యం నీదే రమ్మంటాడు. వెళ్ళడు. ఓడిపోయే పక్షమని తెలిసీ వెళ్ళడు. ఆ ఒక్క గీత అతని ప్రాణం తీసింది. దానధర్మాల కథలన్నీ తీసేసినా ఆ ఒక్క తిరస్కారం చాలు, తెలుగువాడు కర్ణుడి తరఫున అరుగు మీద కూర్చుని వాదించడానికి.

ఇంకో చవక మార్గం ఉంది, చెప్పి వదిలేస్తాను. చుట్టూ ఉన్నవాళ్ళందరినీ రాక్షసుల్ని చేసేస్తే మనవాడు గుడ్డికన్న మెల్ల నయం అన్నట్టు గట్టెక్కుతాడు. చాలా పుస్తకాలు దీంతోనే నడుస్తాయి. అలా దొరికే ఇష్టం పుస్తకం మూసేదాకా కూడా నిలవదు. గ్లెన్ కుక్ 1984లో రాసిన 'ది బ్లాక్ కంపెనీ' ఆ దారిన పోలేదు. అందులో కిరాయి సైనికులు చెడ్డపక్షానికే పనిచేస్తారు. ఆ కథంతా చెప్పేది దళం వైద్యుడు, దళం చరిత్ర రాసేదీ అతనే. యుద్ధాల మధ్య వాళ్ళు కూర్చుని పేకాడుకుంటారు, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటారు. పాఠకుడు కూడా పక్కన చాప వేసుకుని కూర్చుంటాడు. లేవబుద్ధి కాదు.

బోనులో నిలబెట్టి అడగండి

ఈ అభ్యాసం నా వృత్తిలోంచి తీసింది. ప్రాసిక్యూషన్ సాక్షులంతా అయిపోయాక, వాళ్ళు చెప్పిన ఒక్కొక్క అంశం మీదా జడ్జిగారే ముద్దాయిని ప్రశ్నిస్తారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 313వ సెక్షన్, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 351. ముద్దాయి చేత ప్రమాణం చేయించరు. జవాబు చెప్పకపోయినా, అబద్ధం చెప్పినా దానికి వేరే శిక్ష లేదు.

మీ పాత్ర చేసిన చెడ్డపనులన్నీ ఒక కాగితం మీద ప్రశ్నలుగా రాయండి. జవాబులు ఆ పాత్ర గొంతుతో రాయండి, మీ గొంతుతో కాదు. అబద్ధమాడనివ్వండి, బుకాయించనివ్వండి. మా సోమయ్య జవాబుల్లో కొన్ని:

"ఆమె దగ్గర రెండు కడియాలు తీసుకున్నావా?"
"తీసుకున్నానండీ. రేటదే."
"ఆమె దగ్గర ఇంకేమీ లేదని నీకు తెలుసా?"
"మెట్టెలు అడగలేదు కదండీ."

ఈ రెండో జవాబు చూసి నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ కోటలో పేరు కొట్టేసేదాకా మొగుడు చచ్చినట్టు లెక్క కాదు, ఆమె ముత్తైదువే. సోమయ్య గంటం కదిలిన క్షణంలోనే మెట్టెలు తియ్యాలి. అది తెలిసీ, అడక్కపోవడాన్ని తన దయగా లెక్కేసుకున్నాడు. వాడి మనసు కొలతలు మొత్తం ఆ జవాబులో ఉన్నాయి. ఇలాంటి జవాబులు రెండు మూడు దొరికాయంటే వాటిని కథలోకి తీసుకెళ్ళి, మిగతా కాగితం చించేయండి.

పాత్ర తన వాదన తాను వినిపించుకోవడానికి నేను అడ్డు చెప్పను. 1977 నాటి 'దానవీరశూరకర్ణ'లో కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడు వేషాలూ ఎన్టీ రామారావే వేశారు. పేరు కర్ణుడిదే అయినా మన ఊళ్ళలో మైకుల్లో మోగింది సుయోధనుడి డైలాగులు. ఆయన నిలబడి తన కేసు తానే వాదించుకుంటాడు. వినేవాడు ఒప్పుకుంటాడో లేదో వాడిష్టం. రచయిత మధ్యలో దూరి "అవునవును" అనకుండా ఉంటే అంతే చాలు.

ఫిర్యాదిని మర్చిపోవద్దు

కోర్టులో నాకు ఎప్పుడూ కష్టమనిపించేది ఇది. ముద్దాయి ప్రతి వాయిదాకీ కనబడతాడు. దెబ్బ తిన్నవాళ్ళు ఒకరోజు సాక్ష్యం చెప్పి వెళ్ళిపోతారు. నాలుగేళ్ళు పోయాక అందరికీ ముద్దాయి మొహమే తెలుసు. కథలో కూడా అంతే. పాత్ర పక్కన అన్ని పేజీలు గడిపితే ఇష్టం దానంతటదే పుడుతుంది, చచ్చినవాళ్ళు అంకె అయిపోతారు. ఈ ఇష్టం కాస్త అన్యాయమైన ఇష్టం, రచయితకి ఆ సంగతి తెలిసుండాలి.

స్టీఫెన్ ఆర్. డొనాల్డ్‌సన్ 1977లో రాసిన 'లార్డ్ ఫౌల్స్ బేన్'లో నాయకుడు థామస్ కవెనంట్ కుష్ఠురోగి. తానొచ్చిపడ్డ వింతలోకం కలేనని మొండిపట్టు పట్టి, ఆదరించిన అమ్మాయి మీదే అత్యాచారం చేస్తాడు. అక్కడ పుస్తకం మూసేసినవాళ్ళు చాలామంది. వాళ్ళ తప్పేమీ లేదు. నేను మూయలేదు, కానీ కవెనంట్ మీద నాకు ఇష్టం కూడా పుట్టలేదు. డొనాల్డ్‌సన్‌ని మెచ్చుకునేది ఒక్కందుకు. ఆ నేరాన్ని తుడిచేయలేదు. దానివల్ల పుట్టిన కూతురు రెండో భాగంలో పెద్దదై ఎదురుగా నిలబడుతుంది.

కాబట్టి కడియాలిచ్చిన ఆమెని మళ్ళీ తీసుకురండి. క్షమించడానికి కాదు, పగ తీర్చుకోవడానికీ కాదు. సంతలో ఉప్పు కొంటూ కనబడినా చాలు. సోమయ్య ఆమెని దాటుకుంటూ పోవాలి, పాఠకుడు ఆమె బోసి కాళ్ళు చూడాలి.

మిగిలింది ముగింపు. చెడ్డవాణ్ణి ఆఖర్న ఎవరికోసమో ప్రాణత్యాగం చేయించి చేతులు దులుపుకోవడం ఈ రకం కథల్లో పెద్ద జాడ్యం. ముద్దాయి చచ్చిపోతే కేసు కొట్టేస్తారు, అంతకుమించి ఏమీ తేలదు. అతన్ని బతకనివ్వండి, మర్నాడు మళ్ళీ బల్ల దగ్గరికి పంపించండి. మా మేనకోడలికి ఈ ఒక్క విషయంలో నా మాట రుచించలేదు. ఇరవయ్యో ఎపిసోడ్‌లో సోమయ్యని చంపడానికి ముహూర్తం కూడా పెట్టుకుంది.

ఈలోగా కథలో కోట నుంచి కబురొచ్చింది. ఎదురు తిరిగిన ఒక కుర్రాడి పేరు, బతికుండగానే, చచ్చినవాళ్ళ చిట్టాలో ఎక్కించమని. నేను సోమయ్య రాయడన్నాను. వాడి గర్వం ఒప్పుకోదన్నాను. "రాస్తాడు మావయ్యా, కానీ ఒక ఒత్తు వదిలేస్తాడు" అంది.

బాగుందన్నాను. ఎందుకు వదిలేశాడో మాత్రం రాయొద్దని చెప్పాను.